మిస్సింగ్ డేటా: ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంది?

ఆరోగ్య అధ్యయనాల డేటా విశ్లేషించడం నా పని. షీటు తెరిస్తే ఖాళీ గడులు లేని రోజు ఉండదు. వాటి గురించి నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: ఖాళీలున్న వరుసలు తీసేస్తే డేటా శుభ్రమవుతుంది.

వాస్తవం: పది ప్రశ్నలున్నాయి, ఒక్కోదానికి 5 శాతం మంది జవాబివ్వలేదు, ఆ ఖాళీలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు అనుకుందాం. అన్నిటికీ జవాబిచ్చినవాళ్లు దాదాపు 60 శాతమే మిగులుతారు. అంతకన్నా పెద్ద ప్రశ్న, పోయినవాళ్లు ఎవరన్నది. షుగర్ మందు అధ్యయనంలో ఆరో నెల పరీక్షకు రానివాళ్లను తీసేశాం. వాళ్లలో ఎక్కువమంది మందు పడక వేరే ఆస్పత్రికి వెళ్లినవాళ్లయితే? మిగిలినవాళ్లను చూసి మందు బ్రహ్మాండంగా పనిచేసిందని రాసేస్తాం.

ఖాళీ వెనక కారణాన్ని బట్టి లెక్క మారుతుందని గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ 1976లోనే చూపించారు. శాంపిల్ ట్యూబ్ చేయి జారి పగిలితే అది పూర్తిగా యాదృచ్ఛికం. పెద్ద వయసువాళ్లు తక్కువగా వచ్చారు, కానీ ఒకే వయసువాళ్లలో రాకపోవడానికీ షుగర్‌కూ సంబంధం లేదంటే, మన దగ్గరున్న వయసు సాయంతో సరిదిద్దుకోవచ్చు. షుగర్ పెరిగినందుకే రాలేదంటే మాత్రం కారణం ఆ కనపడని అంకెలోనే ఉంది. ఈ చివరి రెండింట్లో ఏదో, చేతిలో ఉన్న డేటా ఒక్కటే చూసి ఏ పరీక్షా తేల్చలేదు. అందుకే సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఫీల్డ్ స్టాఫ్‌కి ఫోన్ చేస్తాను. ఎవరు వలస వెళ్లారో, ఎవరు మంచాన పడ్డారో వాళ్లకే తెలుసు.

అపోహ: ఖాళీల్లో సగటు పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: అందరికీ ఒకే అంకె పెడితే వ్యత్యాసం తగ్గిపోతుంది, స్టాండర్డ్ ఎర్రర్ (మన అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె) ఉండాల్సినదానికన్నా చిన్నగా వస్తుంది. బరువుకూ బీపీకీ ఉన్న సంబంధం కూడా పలచబడుతుంది. దయచేసి ఇది మానేయండి.

అపోహ: మల్టిపుల్ ఇంప్యుటేషన్ (ఖాళీలను అంచనాలతో పలుసార్లు నింపడం) అంటే డేటా సృష్టించడమే.

వాస్తవం: ఫలానా మనిషి అసలు షుగర్ ఎంతో కనిపెట్టామని మేం చెప్పడం లేదు. ఖాళీలను ఇరవై సార్లు వేర్వేరుగా నింపి, ఒక్కో కాపీని విశ్లేషించి, ఫలితాలు కలుపుతాం. కాపీల మధ్య వచ్చే తేడా మన అనిశ్చితిగా స్టాండర్డ్ ఎర్రర్‌లో చేరుతుంది. నింపే మోడల్‌లో ఫలిత చలరాశిని (అధ్యయనం తేల్చాలనుకునే ఫలితాన్ని) వదిలేయడం నేను ఎక్కువగా చూసే తప్పు. వదిలేస్తే ఉన్న సంబంధమే బలహీనంగా కనిపిస్తుంది.

షుగర్ పెరిగే రాలేదేమోనన్న అనుమానం అప్పటికీ మిగిలితే, నింపిన అంకెలను 10 పెంచి, 20 పెంచి, మళ్లీ మళ్లీ నడుపుతాను. ఎంత పెంచితే ఫలితం తారుమారవుతుందో ఆ అంకెను రిపోర్టు మొదటి పేజీలోనే రాస్తాను.