ప్రోటీన్‌లో గుంట, ఊపిరితిత్తిలో గడ్డ

1946లో అమెరికాలోని సేలం పట్టణంలో ట్యూబ్‌లైట్ల ఫ్యాక్టరీ కార్మికులు 17 మందికి వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు గురించి హ్యారియెట్ హార్డీ, ఇర్వింగ్ టేబర్‌షా అనే వైద్యులు రాశారు. దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, మనిషి చిక్కిపోవడం. కొందరికి పని మానేశాకే మొదలైంది. కారణం ట్యూబు లోపల పూసే పొడిలోని బెరీలియం అనే లోహం. కానీ అదే గదిలో అదే పొడి పీల్చిన చాలామందికి ఏమీ కాలేదు. మామూలు విషమైతే ఎంత పీలిస్తే అంత హాని. ఇక్కడ ఆ లెక్క కుదరలేదు.

లెక్క తప్పించింది విషం కాదు, రోగనిరోధక వ్యవస్థ. మన రక్షక కణాలు ప్రోటీన్ ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అనే దొన్నెలాంటి అణువులో పెట్టి పైకి చూపిస్తాయి. టి-కణం అనే తెల్ల రక్తకణం తన పైనున్న రిసెప్టర్ అనే గ్రాహకంతో దాన్ని తడిమి, మనదో పరాయిదో తేల్చుకుంటుంది. ఈ దొన్నెల్లో హెచ్‌ఎల్‌ఏ-డీపీ ఒక రకం. దాని బీటా గొలుసులో 69వ స్థానంలో కొందరికి లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, కొందరికి గ్లుటామిక్ ఆమ్లం. 1993లో 33 మంది రోగులను పరీక్షిస్తే 97 శాతం మందిలో గ్లుటామిక్ ఆమ్లమే కనిపించింది. జబ్బు లేనివారిలో అది దాదాపు 30 శాతమే.

ఒక్క అమైనో ఆమ్లంతో అంత తేడా ఎందుకు? గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం. 26, 68, 69 స్థానాల్లో మూడూ అవే ఉంటే దొన్నె అంచున రుణావేశపు గుంట ఏర్పడుతుంది. రెండు ధనావేశాలున్న చిన్నారి బెరీలియం అయాన్‌కు అంతకన్నా అనువైన చోటు లేదు. 2014లో స్ఫటిక నిర్మాణం చూస్తే బెరీలియం గుంట అడుగున దాక్కుని ఉంది, పక్కనే ఒక సోడియం అయాన్. రిసెప్టర్ అసలు బెరీలియాన్ని తాకడమే లేదు! అడుగున లోహం చేరడంతో పైన ఆకారమూ ఆవేశమూ కాస్త మారతాయి. అంతే, సొంత ప్రోటీన్ ముక్కనే టి-కణం పరాయిదనుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్-గామా, టీఎన్‌ఎఫ్ అనే వాపు రేపే సంకేత ప్రోటీన్లు విడుదలవుతాయి, కణాలు గుమిగూడి గ్రాన్యులోమా అనే గడ్డ కడతాయి. లోహం ఏళ్ల తరబడి ఊపిరితిత్తిలోనే ఉండిపోతుంది కాబట్టి పోరాటమూ ఆగదు.

ఈ గడ్డలు సూక్ష్మదర్శినిలో అచ్చం సార్కాయిడోసిస్ అనే మరో జబ్బులోని గడ్డల్లాగే ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న మనలాంటి చోట టీబీ అనుకోవడమూ తేలికే. అందుకే 'మీరేం పని చేసేవారు?' అన్న ప్రశ్న ఇక్కడ ఎక్స్‌రే అంత విలువైనది.

తేల్చే రక్తపరీక్ష ఒకటుంది. లింఫోసైట్లను (టి-కణాలుండే తెల్ల రక్తకణాలను) 1, 10, 100 మైక్రోమోలార్ అనే మూడు గాఢతల బెరీలియం సల్ఫేట్‌లో కొన్ని రోజులు పెంచి, కణాలు విభజన చెందేటప్పుడు పీల్చుకునే థైమిడిన్ అనే డీఎన్‌ఏ ముడిసరుకును రేడియోధార్మికంగా ఇచ్చి, ఎంత పీల్చుకున్నాయో రెండు వేర్వేరు రోజుల్లో కొలుస్తారు. బెరీలియం లేని కణాలతో పోలిస్తే ఎన్ని రెట్లో చూస్తారు. ఆరు ఫలితాల్లో కనీసం రెండు హద్దు దాటితే అసాధారణం. ఆ హద్దు సాధారణంగా 3 రెట్లు. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని నమ్మరు, మళ్లీ చేస్తారు. రక్తం ల్యాబ్‌కు ఆలస్యంగా చేరితే కణాలు నీరసించి పరీక్ష చెడుతుంది. స్టెరాయిడ్లు వాడుతుంటే జబ్బున్నా లేనట్టు రావచ్చు.

మరి జన్యుపరీక్ష చేసి, ఆ గుంట ఉన్నవాళ్లను ఉద్యోగంలో చేర్చుకోకపోతే సరిపోదా? ఊహకి వెయ్యిమంది కార్మికులు, అందులో 300 మందికి ఆ గుంట ఉందనుకుందాం. 50 మంది జబ్బుపడితే, వారిలో 48 మంది ఆ 300లోని వాళ్లే అనుకుందాం. అప్పుడు 252 మంది ఆరోగ్యవంతుల పొట్టకొట్టినట్టు, 'మీకేం భయం లేదు' అనిపించుకున్న ఇద్దరు మంచం పట్టినట్టు. మా దృష్టిలో ఇది దుమ్ము తగ్గించే ఖర్చు తప్పించుకునే దారి మాత్రమే.

దుమ్ము తగ్గించడానికీ చాలాకాలం పట్టింది. 1949 నాటి అమెరికా పరిమితి ఘనమీటరు గాలికి 2 మైక్రోగ్రాములు. 2017లో గానీ దాన్ని 8 గంటల సగటుగా 0.2కు దించలేదు. నెల్లూరు అభ్రకపు గనుల ప్రాంతంలో దొరికే బెరిల్ రాయిని, ఉంగరంలోని మరకతాన్ని చూసి భయపడనక్కర్లేదు, వాటిలో లోహం స్ఫటికంలో బందీ. ప్రమాదమంతా సుమారు 2 శాతం బెరీలియం కలిపిన రాగి స్ప్రింగులు, నిప్పురవ్వలు రాని పనిముట్లను గ్రైండ్ చేసినప్పుడు, వెల్డింగ్ చేసినప్పుడు. అక్కడ తడిపి కోయాలి, దుమ్ము లేచినచోటే పీల్చే గొట్టం పెట్టాలి, కంప్రెసర్ గాలితో బల్ల ఊదకూడదు. పని బట్టలు ఇంటికి తేకూడదు. వాటిని ఉతికిన ఇంటివాళ్లకూ ఈ జబ్బు వచ్చిన దాఖలాలున్నాయి.