తినని పిల్ల, తగలని దిష్టి: కొన్ని అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో ఆడపిల్ల అన్నం తగ్గించేస్తే ముందు దిష్టి తీస్తారు, తరువాత గ్యాస్ మాత్రలు వేస్తారు. మానసిక ఆరోగ్య సలహాదారుగా నన్ను కలిసేసరికి చాలామందికి నెలసరి కూడా ఆగిపోయి ఉంటుంది. ఇది తిండికి సంబంధించిన మానసిక జబ్బు (ఈటింగ్ డిజార్డర్) కావచ్చని అంతవరకూ ఎవరికీ తోచదు. ఈ ఆలస్యానికి కారణమైన నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇది విదేశాల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు.

ఫిజీ దీవుల్లో కండపుష్టి ఉన్న ఒంటికే మెప్పు. అక్కడి నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆ ఏడాది పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం బడి అమ్మాయిలను అడిగితే, బరువు తగ్గడానికి వాంతి చేసుకున్నానని ఒక్కరూ చెప్పలేదు. 1998లో 11.3 శాతం మంది చెప్పారు. రెండోసారి అడిగింది వేరే అమ్మాయిలను, అందుకని నేరమంతా టీవీ మీదికి నెట్టలేం. అయినా లావును మెచ్చే ఆచారం వాళ్లను కాపాడలేదు. మన పెళ్లిచూపుల్లో అయితే ఆ ఒక్క మెప్పు కూడా నిలకడగా ఉండదు: చిక్కితే రోగిష్టి, ఒళ్లు చేస్తే ‘అప్పుడే ఇలా ఉంటే కాన్పయ్యాక ఎలా?’

అపోహ: లావవుతానన్న భయం లేకపోతే ఈ జబ్బు కానట్టే.

మా ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1990ల్లో హాంకాంగ్ మానసిక వైద్యుడు సింగ్ లీ ఒక విషయం గమనించారు. అనొరెక్సియాతో (తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే జబ్బుతో) ఎముకల గూడైన రోగుల్లో కొందరు లావు ఊసే ఎత్తలేదు. కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ చెప్పారు. మా అమ్మాయిలూ అదే చెబుతారు, లేదా ఉపవాసమంటారు. కార్తీకంలో పక్కింటి ఒడియావాళ్లు హబిస వ్రతం పాటిస్తారు, మన ఇళ్లలో సోమవారాలు ఉంటారు. భక్తితో ఉన్న మనిషి పొద్దు పోయాక ఇష్టంగా తింటుంది. జబ్బు ఉన్న పిల్లకు కార్తీకం అయిపోయినా ఉపవాసం అవదు. ప్రసాదాన్ని కూడా చేతిలో నలిపి పక్కన పెడుతుంది. పొట్టలో నిజంగా జబ్బుందేమో వైద్యుడు చూడాల్సిందే. పరీక్షల్లో ఏమీ తేలకపోయినా బరువు పడిపోతూనే ఉంటే దాన్ని గ్యాస్ ఖాతాలో వేయకండి.

అపోహ: బక్కచిక్కితేనే జబ్బు.

కాదు. అతిగా తిని వాంతి చేసుకునే బులీమియాలో బరువు మామూలుగానే ఉండవచ్చు. భోజనం కాగానే స్నానాల గదికి వెళ్లడం, బుగ్గలు వాచడం, పళ్లు అరగడం గమనించండి. మగపిల్లలకూ వస్తుంది.

అపోహ: అంతా మొండితనం, నాలుగు తిట్టి కూర్చోబెడితే తింటుంది.

1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచారు. వాళ్లకు తిండి ధ్యాస తప్ప మరొకటి లేకుండా పోయింది, చిరాకూ దిగులూ పెరిగాయి, కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు. మొండితనంగా కనిపించేదాంట్లో చాలాభాగం ఆకలి చేసే పనే. చాలాకాలం పస్తున్న పిల్లకు ఒక్కసారిగా కడుపునిండా కుక్కితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. బాగా చిక్కినవారికి తిండి పెంచడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

మూర్ఛపోయినా, గుండె దడ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట్లాడి చూద్దామనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.