చీటీలో ఉన్నదే మైకులో

తిరుమలలో మైకు ఆగదు. తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో... ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానావారు ఎక్కడున్నా సమాచార కేంద్రం దగ్గరికి రావాలి అంటూ. మనిషి తప్పిపోయినవాళ్లు పేరూ ఊరూ చీటీ మీద రాసిస్తారు, లోపలున్నాయన చదువుతాడు. చీటీ ఎవరు రాశారో వినేవాళ్లకు తెలీదు. వాళ్లు నమ్మేది ఆ గొంతును. ఎవడో తుంటరి పేరుకు బదులు ‘క్యూ మూసేశారు, అందరూ వెనక్కి వెళ్లండి’ అని రాసిచ్చాడనుకోండి. చదివేది మనిషి కాబట్టి చీటీ చించి పారేస్తాడు. ఆ కుర్చీలో కంప్యూటర్‌ను కూర్చోబెడితే మాత్రం ఉన్నదున్నట్టు చదివేస్తుంది.

వెబ్ సాఫ్ట్‌వేర్‌కున్న ఈ జబ్బు పేరు క్రాస్ సైట్ స్క్రిప్టింగ్. నాకు మొదట తగిలింది తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో, అదీ నేను రాసిన సాఫ్ట్‌వేర్‌లోనే. గదులు బుక్ చేసుకునే ఫారం అది. చివర్లో ‘ఇంకేమైనా చెప్పాలా?’ అని ఒక డబ్బా పెట్టాను. ఒకరోజు మేనేజర్ ఫోన్ చేశాడు. “ఏం నాయనా, మీ సాఫ్ట్‌వేరు మెయిళ్లు మింగేస్తా ఉందే. బెంగుళూరాయన మెయిల్ ఐడీ రాసినానంటాడు, ఈడ చూస్తే పేరొక్కటే ఉంది.”

డేటాబేస్ తెరిచి చూస్తే మెయిల్ భద్రంగా ఉంది. రిసెప్షన్ తెర మీద మాత్రం లేదు. ఆయన దాన్ని తన మెయిల్‌లోంచి కాపీ చేసి అతికించాడు. అలా కాపీ చేస్తే ముందు పేరు, దాని పక్కన రెండు కోణపు బ్రాకెట్ల మధ్య మెయిల్ అడ్రస్ వస్తాయి. అవి లెక్కల్లో మనం నేర్చుకున్న లెస్ దేన్, గ్రేటర్ దేన్ గుర్తులే. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో లెస్ దేన్ గుర్తంటే ‘ఇక్కణ్ణుంచి వచ్చేది అక్షరం కాదు, ఆజ్ఞ’ అని అర్థం. బ్రౌజర్ ఆ మెయిల్ అడ్రస్‌ను ఒక ట్యాగు, అంటే అలాంటి ఆజ్ఞ, అనుకుంది. అలాంటి ట్యాగు దానికి తెలీదు. తెలియని ట్యాగు వస్తే బ్రౌజర్ గొడవ చెయ్యదు, నోరు మూసుకుని వదిలేస్తుంది. అందుకే మెయిల్ మాయం.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ గుర్తు పక్కనే ఇంగ్లీషు అక్షరం వస్తేనే బ్రౌజర్ దాన్ని ట్యాగుగా తీసుకుంటుంది. తెలుగు అక్షరం వస్తే మామూలు రాతలాగే చూపిస్తుంది. మన జనమంతా తెలుగులోనే టైపు చేసి ఉంటే, నా తప్పు ఇంకొన్నేళ్లు బయటపడేది కాదు.

మెయిల్ పోయినందుకు కాదు నాకు చెమట పట్టింది. మెయిల్‌ను ట్యాగు అనుకున్న బ్రౌజర్, ఎవరైనా నిజంగానే స్క్రిప్ట్ ట్యాగు, అంటే పేజీ చేత పని చేయించే కోడ్, రాసిస్తే ఊరుకుంటుందా? అదే డబ్బాలో జావాస్క్రిప్ట్ అనే బ్రౌజర్ భాషలో ఒక చిన్న ముక్క రాసి బుకింగ్ పంపాను. ఆ బుకింగ్ తెరవగానే రిసెప్షన్ తెర మధ్యలో ‘నమస్కారం’ అని పెట్టె లేచింది. ఎక్కడో కూర్చుని నేను రాసిన చీటీని లాడ్జి కంప్యూటర్ తన గొంతుతో చదివేసింది. ఆ కంప్యూటర్‌లో దిగినవాళ్లందరి వివరాలూ ఉన్నాయి.

స్క్రిప్ట్ వల్ల ఏమవుతుందో తెలియాలంటే కుకీ సంగతి తెలియాలి. అలిపిరిలో లగేజీ ఇస్తే టోకెన్ ఇస్తారు. కొండమీద టోకెన్ చూపించినవాళ్లకు సంచీ ఇస్తారు, ముఖం గుర్తుపట్టరు. లాగిన్ అయ్యాక సైటు మీ బ్రౌజర్‌కు ఇచ్చే కుకీ అలాంటిదే. ఒక సైటు టోకెన్ ఇంకో సైటు స్క్రిప్టుకు కనపడకూడదన్న నియమాన్ని నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ 1995లోనే పెట్టింది. జావాస్క్రిప్ట్ పుట్టిందీ ఆ ఏడాదే. గోడ గట్టిదే. కానీ దొంగ స్క్రిప్టు గోడ దూకి రావట్లేదు కదా, సైటే దాన్ని తన పేజీలో పెట్టి పంపుతోంది. బ్రౌజర్ లెక్కలో అది ఇంటిమనిషి.

2000 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు దీనికి పేరు పెట్టారు. ఒక సైటు నుంచి ఇంకో సైటులోకి స్క్రిప్టు దూర్చడమే అప్పట్లో వాళ్ల దృష్టిలో ఉంది కాబట్టి ‘క్రాస్ సైట్’ అన్నారు. నా లాడ్జి కథలో రెండో సైటే లేదు, అయినా పేరు అదే. సీఎస్‌ఎస్ అనే పొట్టిపేరు పేజీల అలంకరణ భాషకు ముందే పోయింది కాబట్టి, క్రాస్‌కు గుర్తుగా ఎక్స్ పెట్టి ఎక్స్‌ఎస్‌ఎస్ అంటున్నారు.

నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆర్కుట్ అనే స్నేహితుల సైటు చూసిన తరానికి దీని ప్రతాపం చెప్పడం తేలిక. 2010 సెప్టెంబరు 25న ఆర్కుట్ స్క్రాపుల్లో, అంటే ఒకరి పేజీలో ఒకరు రాసుకునే మాటల్లో, ‘బొం సబదో’ అన్న మాట పాకింది. పోర్చుగీసులో శుభ శనివారం అని. మనకైతే అది తమిళుల పెరటాసి నెలలో శనివారం, తమిళనాడు జనంతో తిరుపతి కిటకిటలాడే రోజు. ఆ స్క్రాప్ చూస్తే చాలు, మీ పేరు మీద మీ స్నేహితులకు అదే వెళ్లిపోయేది. మీరు చేరని కమ్యూనిటీల్లో మీరు చేరిపోయేవారు. దీనికి ఐదేళ్ల ముందు, 2005 అక్టోబరులో, ఆర్కుట్ లాంటిదే అయిన మైస్పేస్‌లో సామీ కామ్‌కార్ అనే కుర్రాడు ఇలాంటిదే వదిలితే 20 గంటల్లోపే 10 లక్షల మందికి పైగా జనానికి అది పాకింది, వాళ్ల పేరు మీద అతనికి స్నేహం అడుగుతూ అర్జీలు వెళ్లిపోయాయి. మైస్పేస్ వాళ్లు ‘జావాస్క్రిప్ట్’ అన్న మాట కనిపిస్తే తీసేసేవారు. అతను ఆ మాటను మధ్యలో విరిచి రెండో సగాన్ని కింది లైనులో రాశాడు. జల్లెడకు అది దొరకలేదు. కొన్ని బ్రౌజర్లు మాత్రం రెండు ముక్కల్నీ కలిపి చదివేసుకున్నాయి.

నేనూ మొదట జల్లెడే పట్టబోయాను. స్క్రిప్ట్ అన్న మాట వస్తే ఫారం తీసుకోవద్దు అని. అది తెలివితక్కువ పని. బొమ్మ పెట్టే ట్యాగులో, బొమ్మ దొరక్కపోతే ఏం చెయ్యాలో చెప్పే చోట కూడా కోడ్ పెట్టొచ్చు. అక్కడ స్క్రిప్ట్ అన్న మాటతో పనే లేదు. ఎన్ని మాటలని నిషేధిస్తాం?

అసలు మందు లోపలికి తీసుకునేటప్పుడు కాదు, బయటికి చూపించేటప్పుడు వెయ్యాలి. తెర మీదికి పంపే ముందు లెస్ దేన్ గుర్తును ఆంపర్‌శాండ్ (‘అండ్’ గుర్తు), ఎల్, టీ, సెమికోలన్ అనే నాలుగు గుర్తుల గుత్తిగా మార్చాలి. అది చూసి బ్రౌజర్ ‘ఓహో, గుర్తు బొమ్మ గియ్యమంటున్నారు, ఆజ్ఞ కాదు’ అనుకుంటుంది. దీన్నే ఎస్కేప్ చెయ్యడం అంటారు. పేజీ మధ్యలో చూపించేదానికి ఒక తీరు, లింకులో పెట్టేదానికి ఇంకో తీరు. సైట్లు కట్టడానికి వాడే జాంగో, రియాక్ట్ లాంటి పనిముట్లు ఇప్పుడు ఈ పని మనం అడక్కుండానే చేస్తాయి. వద్దనుకుంటే రియాక్ట్‌లో ‘డేంజరస్లీ’ అని మొదలయ్యే పొడుగాటి మాట టైపు చెయ్యాలి. వేళ్లు నొప్పెట్టి మనసు మార్చుకుంటారని కాబోలు.

కుకీని స్క్రిప్టు కంట పడకుండా దాచే ఏర్పాటు 2002లోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చింది. మంచిదే, కానీ సగం మందు. టోకెన్ దొరక్కపోయినా, పేజీలోనే ఉన్న స్క్రిప్టు మీ తరఫున బటన్లు నొక్కగలదు. ఇన్ని ఉన్నా, 2024లో మైటర్ సంస్థ ఇచ్చిన ప్రమాదకరమైన సాఫ్ట్‌వేర్ లోపాల జాబితాలో మొదటి స్థానం దీనిదే. పాత కోడ్ ఎక్కడో పనిచేస్తూనే ఉంటుంది. ఒక్క డబ్బా మరిచిపోయినా చాలు.

లాడ్జిలో దిద్దుబాటు ఒకే లైను. మర్నాడు బెంగుళూరాయన మెయిల్ బ్రాకెట్లతో సహా తెర మీదికి వచ్చింది. మేనేజర్ మళ్లీ ఫోన్.

“మెయిల్ వచ్చింది కానీ నాయనా, అటూ ఇటూ ఆ ముక్కులేంది? తీసెయ్, చూసేదానికి బాగలేదు.”

“అవి అట్లే ఉండనీ అన్నా” అన్నాను.