తెర మీద బల్బు వెలిగితే పాఠం వచ్చినట్టేనా? తరగతిలో సాంకేతికత: అపోహలు – వాస్తవాలు

బీఈడీ రెండో సంవత్సరంలో 16 వారాల ఇంటర్న్‌షిప్ కోసం ఉన్నత పాఠశాలలో అడుగుపెట్టిన నాటి నుంచి తోటి ఛాత్రోపాధ్యాయుల నోట, తల్లిదండ్రుల నోట నేను పదే పదే విన్న మాట ఒకటుంది.

అపోహ: ప్యానెల్ (తరగతి గదిలోని పెద్ద టచ్ తెర) మీద వీడియో వేస్తే చాలు, పిల్లలకు అర్థమైపోతుంది.

వాస్తవం: అర్థమైనట్టు అనిపిస్తుంది, అంతే. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే, ఎందుకంటే పాఠం రాలేదన్న సంగతి పిల్లలకూ తెలియదు, మనకూ తెలియదు. ఆరో తరగతికి విద్యుత్ వలయం చెప్పిన రోజున నేనూ ఈ పొరపాటే చేశాను. వీడియోలో సెల్ నుంచి బయలుదేరిన పసుపు చుక్కలు తీగ వెంట సాగి బల్బును వెలిగించాయి. అర్థమైందా అని అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్" అంది. వెనక బల్ల మీద కూర్చుని పరిశీలిస్తున్న మార్గదర్శక ఉపాధ్యాయుడు ఏమీ అనకుండా లేచి, ప్రతి జట్టుకూ ఒక సెల్, ఒక టార్చి బల్బు, రెండు తీగ ముక్కలు ఇప్పించారు. ఎనిమిది జట్లలో రెండే బల్బును వెలిగించగలిగాయి. ముందు వరుసలోని ఒక అమ్మాయి రెండు తీగలనూ బల్బు అడుగున ఉన్న మొనకే ఆనించి, తీగ వేడెక్కడంతో చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక తీగ ఆ మొనకు, రెండోది పక్కనున్న లోహపు తొడుగుకు తగలాలన్న సంగతి ఆమె చూసిన వీడియోలో లేనే లేదు. అందులో బల్బును ముందే హోల్డర్‌లో బిగించి చూపించారు.

మరుసటి రోజు రెండో సెక్షన్‌లో స్విచ్ వేయబోయే చోట అదే వీడియోను ఆపి, ఇప్పుడేమవుతుందో, ఎందుకో నోటుబుక్కులో రాయమన్నాను. తర్వాత సెల్లు, తీగలు చేతికిచ్చి, మిగిలిన వీడియోను చివర్లో చూపించాను. పీరియడ్ చాలక పాఠం తర్వాతి రోజుకు సాగింది గానీ, బల్బు వెలగని జట్టు ఒక్కటీ మిగలలేదు.

నెట్ లేకపోతే డిజిటల్ పాఠం నడవదన్నది నిజం కాదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ పాఠాల యాప్ అయిన దీక్షాలో స్కాన్ చేసి, వీడియోను ముందురోజే దించుకుంటే సరిపోతుంది. అన్నీ ఆంగ్లంలోనే ఉంటాయన్నదీ సరికాదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ (PhET) ప్రయోగాలు, అంటే తెర మీదే మనం చేసి చూసే నమూనా ప్రయోగాలు, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి.

ప్యానెళ్లు వచ్చాక టీచర్ పోస్టులు ఉండవంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలను దయచేసి ముందుకు పంపకండి. ప్రాథమిక స్థాయిలో 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ లెక్కలో యంత్రాలను కలపరు. ఏళ్ల తరబడి డీఎస్సీకి చదువుతున్నవారు ఆ సందేశాలు చూసి ఎంత కుంగిపోతారో మా హాస్టల్లో కళ్లారా చూశాను.

ఇక ఈ వయసులో నాకు రాదని వెనకాడే సీనియర్ ఉపాధ్యాయులున్నారు. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక మేడం, ఏదైనా చెడిపోతుందేమోనన్న భయంతో ప్యానెల్‌ను తాకేవారే కాదు. సాయంత్రం బడి విడిచాక పక్కన కూర్చుని ఆమెకు నేను మొట్టమొదట చూపించినది వీడియోను ఎక్కడ ఆపాలో, ఆగిన బొమ్మ మీద పెన్నుతో ఎలా గీయాలో. ఆ రెండింటితోనే ఆమె ఆ వారం పాఠం చెప్పారు.