డిజిటల్ కాలంలో పాత్రికేయ వృత్తి: కొత్తవారి అపోహలు, వాస్తవాలు

తెలుగు వార్తల డెస్కులో పనిచేస్తున్నందువల్ల, ఈ వృత్తిలోకి రావాలనుకునే యువతీయువకులతో తరచూ మాట్లాడుతుంటాను. వార్తను జనానికి చేర్చడం ఇప్పుడు చాలా సులువైంది గానీ, నిర్ధారించుకోవడంలోని శ్రమ ఏమాత్రం తగ్గలేదన్న సంగతి వారికి ముందుగా ఎవరూ చెప్పడం లేదు.

అపోహ: జర్నలిజంలో డిగ్రీ తప్పనిసరి.

వాస్తవం: ఏ చట్టమూ అలా చెప్పదు. భారత రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ప్రతి పౌరునికీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛే పాత్రికేయునికీ ఆధారం. విశ్వవిద్యాలయ చదువు మేలు చేస్తుంది; పత్రికలు సొంతంగా నడిపే పాఠశాలలు రాత పరీక్షతో ఎంపిక చేసుకుని, భృతి ఇస్తూ పని నేర్పడమూ మన దగ్గర ఉన్నదే.

అపోహ: యూట్యూబ్ ఛానల్, మెడలో ప్రెస్ కార్డు ఉంటే చాలు.

వాస్తవం: సొంతంగా అచ్చు వేయించుకున్న కార్డు ఏ అధికారాన్నీ ఇవ్వదు. ప్రభుత్వ అక్రెడిటేషన్, అంటే పాత్రికేయునిగా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వేరు. దాన్ని రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ ఇస్తుంది. బాధ్యతలు మాత్రం చిన్న ఛానల్‌కైనా తప్పవు. లైంగిక దాడి బాధితుల వివరాలు వెల్లడించడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం; బాధితులు పిల్లలైతే, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. పేరు రాయకపోయినా, ఊరూ బడీ చెప్పి, ఇంటి ముందు నిలబడి వీడియో తీస్తే గుర్తింపు బయటపడినట్లే. పరువు నష్టానికి సంబంధించిన న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద, రాసినది నిజమైతే సరిపోదు, అది ప్రజాహితం కోసం రాసినదై ఉండాలని కూడా చాలామందికి తెలియదు.

అపోహ: అందరికంటే ముందు పెట్టినవారిదే వార్త.

వాస్తవం: ప్రతి వర్షాకాలంలోనూ ఎక్కడిదో, ఎప్పటిదో అయిన వరద వీడియో మన ఊరిదంటూ వాట్సాప్‌లో తిరుగుతుంది. దానిలోంచి కొన్ని చిత్రాలను విడదీసి గూగుల్ లెన్స్‌లో వెతకడం, దుకాణాల బోర్డులను, వాహనాల నంబర్లను పరిశీలించడం, చివరగా ఆ ఊళ్లో ఉన్న మనిషికీ తహసీల్దారు కార్యాలయానికీ ఫోన్ చేయడం విలేకరి చేయవలసిన పని. కృత్రిమ మేధ నిమిషాల్లో వార్త రాసిపెట్టగలదు. ఆ ఊరికి వెళ్లి బాధితులతో మాట్లాడిరాలేదు.

అపోహ: పెద్దవారి పరిచయాలు లేనిదే పెద్ద వార్తలు రావు.

వాస్తవం: నన్ను అన్నింటికన్నా బాధించే అపోహ ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మినవారు నాయకుల చుట్టూ తిరగడమే వృత్తి అనుకుంటున్నారు. ఎన్నికల అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, కేసుల గురించి ఫారం 26లో ఇచ్చే ప్రమాణపత్రం, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు, కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లోని కేసుల స్థితి, ఉపాధి హామీ పనుల వివరాలు ఎవరైనా ఇంట్లో కూర్చుని చదవగలిగినవే. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. ఒక మండలంలో మంజూరైన సీసీ రోడ్ల జాబితాను తీసుకుని, ఆ వీధులకు వెళ్లి రోడ్డు పడిందో లేదో చూసి, సర్పంచినీ ఇంజినీరునూ వివరణ అడిగి రాసిన కథనం ఏ మంత్రి ప్రెస్‌మీట్ వార్తకూ తీసిపోదు. నియామకం చేసేటప్పుడు నేను మొదట చూసేది అలాంటి కథనాలనే.

అపోహ: సంస్థ పేరు దొరికితే జీవనం గడిచిపోతుంది.

వాస్తవం: మండల స్థాయిలో పత్రికలకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో చాలామంది ఉద్యోగులు కారు, నెల జీతం ఉండదు. కొన్ని చోట్ల ప్రకటనల సేకరణ లక్ష్యాన్ని కూడా విలేకరి మీదే పెడతారు. ఎవరి గురించి రాయాలో వారినే ప్రకటన అడగవలసి వస్తే స్వతంత్రంగా రాయడం సాధ్యం కాదు. అందువల్ల చేరే ముందే నియామక పత్రం ఇస్తారా, నెలకు ఎంత చెల్లిస్తారు, ప్రకటనల లక్ష్యం ఉందా, కేసు పడితే న్యాయవాదిని ఎవరు పెడతారు అనే ప్రశ్నలు అడిగి, జవాబులను రాతపూర్వకంగా తీసుకోండి.