పోస్టు ముందా, పట్టా ముందా: ప్రజారోగ్య డాక్టరేట్ వెనుక కథ

పాడేరు వైపు పీహెచ్‌సీల్లో కొన్నేళ్లు పనిచేసి విశాఖ వచ్చిన మెడికల్ ఆఫీసర్లు, ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేసి నేషనల్ హెల్త్ మిషన్‌లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ పూర్తిచేసినవాళ్లు 'తర్వాత ఏం చదవాలి?' అని ఆలోచిస్తున్నప్పుడు డీఆర్‌పీహెచ్ పేరు కూడా వస్తోంది. పూర్తి పేరు డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. ఇది వైద్యం చేయడానికి లైసెన్సు ఇచ్చే చదువు కాదు, మామూలు పీహెచ్‌డీ కూడా కాదు. పీహెచ్‌డీ చేసేవాళ్లు కొత్త విషయం కనుక్కోవాలి. డీఆర్‌పీహెచ్ చేసేవాళ్లు ఇప్పటికే తెలిసిన విషయాన్ని ఒక జిల్లాలోనో నగరంలోనో జనానికి అందేలా చేయడం నేర్చుకోవాలి. బడ్జెట్, సిబ్బంది, చట్టం, రాజకీయ నాయకులతో మాట్లాడే తీరు, నాలుగైదు శాఖలను ఒకచోట కూర్చోబెట్టి పని నడిపించడం... ఇవన్నీ ఆ చదువులో భాగమే.

ఫీజు ఎంత, అడ్మిషన్ ఎలా అనే ప్రశ్నలకు జవాబులు సులువుగానే దొరుకుతాయి. ఈ చదువు ఎందుకు పుట్టిందో, మన దగ్గర దాన్ని చదివినవాళ్లు ఏ కుర్చీలో కూర్చోవాలో చెప్పేవాళ్లు తక్కువ. చరిత్రలోకి వెళ్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. పోస్టుకు ఫలానా చదువు ఉండి తీరాలని ప్రభుత్వం చెప్పిన చోట ఆ చదువు నిలబడింది. అలా చెప్పని చోట ఎంత మంచి కోర్సు అయినా పక్కదారి పట్టింది.

బ్రిటన్‌తో మొదలుపెడదాం. కలరా, టైఫాయిడ్ పట్టణాలను ఊడ్చేస్తున్న రోజుల్లో అక్కడ మున్సిపాలిటీలకు హెల్త్ ఆఫీసర్లను పెట్టారు. వాళ్లకోసం డబ్లిన్‌లో 1871లో, కేంబ్రిడ్జిలో 1875లో ప్రజారోగ్యంలో ప్రత్యేక పరీక్షలు మొదలయ్యాయి. అయితే అసలు మలుపు 1888 నాటి స్థానిక పాలనా చట్టం. యాభై వేలకు మించిన జనాభా ఉన్న ప్రాంతాలకు హెల్త్ ఆఫీసర్‌గా రావాలంటే ప్రజారోగ్య అర్హత ఉండాల్సిందేనని అది షరతు పెట్టింది. దాంతో డీపీహెచ్ (డిప్లొమా ఇన్ పబ్లిక్ హెల్త్) అనే డిప్లొమాకు విలువ వచ్చింది. మన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిందీ ఆ డిప్లొమానే.

అమెరికాలో కథ వేరుగా నడిచింది, డాక్టరేట్ పుట్టింది అక్కడే కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. 1909లో చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లు ఇచ్చి దక్షిణ రాష్ట్రాల్లో కొంకిపురుగుల వ్యాధి మీద ఉద్యమం మొదలుపెట్టించాడు. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల పాదాల గుండా మట్టిలోంచి ఒంట్లోకి ఎక్కి రక్తం పీల్చేసే పురుగు అది. పిల్లలు పాలిపోయి చదువులో వెనకబడితే, పెద్దవాళ్లు పొలంలో పని చేయలేక సోమరులనే పేరు మోశారు. ఈ ఉద్యమాన్ని నడిపిన విక్లిఫ్ రోజ్ వైద్యుడు కాదు, తత్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. పదకొండు రాష్ట్రాల్లో ఐదేళ్లపాటు ఊరూరా శిబిరాలు పెట్టి, మలం పరీక్షలు చేసి, మందులిచ్చి, మరుగుదొడ్లు కట్టుకోమని చెప్పారు.

ఆ ఐదేళ్లలో రోజ్‌కు పురుగుకన్నా పెద్ద సమస్య కనిపించింది. మందు వేస్తే పురుగు పోతోంది. మరుగుదొడ్డి లేకపోతే మళ్లీ వస్తోంది. కట్టించేందుకు, కట్టినవి వాడుతున్నారో లేదో చూసేందుకు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పూర్తికాలం మనిషి లేడు. ఉన్న హెల్త్ ఆఫీసర్లలో చాలామంది సొంత ప్రాక్టీసు చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు ఈ పని చూసే డాక్టర్లు. వ్యాధి గురించి తెలుసు, జనాభా మొత్తం ఆరోగ్యాన్ని చూసుకునే పద్ధతి మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

అందుకే 1914 అక్టోబరులో న్యూయార్క్‌లో సమావేశం పెట్టారు. దాని ఫలితంగా 1915లో వచ్చిందే వెల్చ్-రోజ్ నివేదిక. ఈ ఇద్దరి ఆలోచనలూ ఒకటి కాదు. జాన్స్ హాప్కిన్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్ విలియం వెల్చ్‌కు జర్మన్ పద్ధతిలో పెద్ద పరిశోధనాలయం కావాలి. రోజ్‌కు రాష్ట్రానికొక బడి కావాలి, ఫీల్డులో పనిచేసే హెల్త్ ఆఫీసర్లు అక్కడినుంచి రావాలి. చివరికి వెల్చ్ మాటే నెగ్గింది. 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్య విద్యాలయం ఏర్పడింది. వైద్యులకు డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, శాస్త్రవేత్తలకు డాక్టర్ ఆఫ్ సైన్స్ అని రెండు దారులు పెట్టారు. పేరుకు మొదటిది పనిమంతుల పట్టా. కానీ ఆ బడి గాలి అంతా ప్రయోగశాల వైపే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశోధనకు ప్రభుత్వ గ్రాంట్లు వెల్లువలా రావడంతో ప్రజారోగ్య బళ్లన్నీ అటే ఒరిగాయి. చాలాచోట్ల డీఆర్‌పీహెచ్‌కూ పీహెచ్‌డీకీ తేడా ఏమిటో చెప్పలేని పరిస్థితి వచ్చింది.

ఆ తప్పును గుర్తించడానికే వాళ్లకు డెబ్బై ఏళ్లు పట్టింది. ప్రజారోగ్య వ్యవస్థ చెల్లాచెదురైపోయిందనీ, బళ్లు ఫీల్డుకు దూరమయ్యాయనీ 1988లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తన నివేదికలో గట్టిగా చెప్పింది. తర్వాతే నాయకత్వం అనే మాట డాక్టరేట్‌లోకి వచ్చింది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం 2005లో, ఉద్యోగం మానకుండా ఎక్కువ భాగం దూరవిద్యలో చేసే హెల్త్ లీడర్‌షిప్ డాక్టరేట్ మొదలుపెట్టింది. 2014లో హార్వర్డ్ నాయకత్వమే కేంద్రంగా కొత్త డీఆర్‌పీహెచ్ తెచ్చింది. 2016లో అక్కడి గుర్తింపు సంస్థ ఈ పట్టాకు ఇరవై కనీస సామర్థ్యాలు నిర్ణయించి, నిజమైన సంస్థలో చేసే ఫీల్డు పనిని తప్పనిసరి చేసింది. రోజ్ 1915లో అడిగింది ఒక శతాబ్దం తర్వాత రూలు పుస్తకంలోకి వచ్చింది.

ఇక మన వైపు.

మద్రాసు ప్రెసిడెన్సీ ఈ విషయంలో వెనకబడ్డ ప్రాంతం కాదు, నిజానికి ముందుంది. వైద్యశాఖకు వేరుగా ప్రజారోగ్య శాఖ, జిల్లాల్లో పూర్తికాలం హెల్త్ ఆఫీసర్లు 1920ల్లోనే ఇక్కడ ఉన్నారు. విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ తెరిచిందీ ఆ రోజుల్లోనే, 1923లో. రాక్‌ఫెల్లర్ సంస్థ సాయంతోనే 1932లో కలకత్తాలో అఖిల భారత హైజీన్, పబ్లిక్ హెల్త్ సంస్థ ఏర్పడింది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. నీటి సరఫరా, మురుగు, అంటువ్యాధుల సమాచారం, మున్సిపాలిటీల్లో హెల్త్ ఆఫీసర్ల నియామకం అన్నీ ఒకే చట్టంలో పెట్టడం దేశంలో అదే మొదలు. అదే చట్టం ఆంధ్రా ప్రాంతపు ప్రజారోగ్య చట్టం పేరుతో మన కోస్తా జిల్లాలకు వారసత్వంగా వచ్చింది. విశాఖలో ఇప్పుడు హెల్త్ ఇన్‌స్పెక్టర్ నోటీసు ఇచ్చే అధికారం మూలాలు వెతికితే ఆ చట్టం దగ్గరికే వెళ్తాం.

మరి అంత ముందున్న ఏర్పాటు ఏమైంది? దేశ ఆరోగ్య వ్యవస్థ మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. చికిత్స, నివారణ రెండూ వేరువేరుగా ఉంటే పేదవాడికి రెండూ అందవు, ఒకే వ్యవస్థలో కలపాలి అంది. ప్రతి డాక్టరూ సమాజాన్ని అర్థం చేసుకున్న వైద్యుడిగా తయారవ్వాలని, అందుకు మెడికల్ కాలేజీల్లో నివారణ, సామాజిక వైద్యం మీద మూడు నెలల శిక్షణ ఉండాలని కోరింది. ఉద్దేశం గొప్పది, దానిమీద నాకు ఏ సందేహమూ లేదు. పీహెచ్‌సీ అనే ఆలోచనకు పునాది ఆ నివేదికే. కానీ రాష్ట్రాలు దాన్ని అమలు చేసిన తీరులో నష్టం జరిగింది. చాలా రాష్ట్రాల్లో రెండు శాఖలూ కలిసిపోయాక, రోగులు ఎదురుగా కనిపించే ఆస్పత్రి వైపే డబ్బు, మనుషులు, గౌరవం వెళ్లాయి. కనిపించని నివారణ పక్కకు జరిగింది. తమిళనాడు మాత్రం ప్రజారోగ్య డైరెక్టరేట్‌ను, దాని అధికారుల వరసను వేరుగా నిలబెట్టుకుంది. ఒకే ప్రెసిడెన్సీ నుంచి విడిపోయిన రెండు రాష్ట్రాల మధ్య ఈ తేడాను మనం తగినంతగా చర్చించలేదని నా బాధ.

మన జిల్లాలో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కుర్చీ చూడండి. వైద్యం, ఆరోగ్యం రెండూ ఆ ఒక్కరి నెత్తినే. అక్కడికి చేరేది ఎక్కువగా సీనియారిటీ మీద. ఇరవై ఏళ్లు రోగులను చూసిన మంచి డాక్టరు ఒక ఉదయాన టీకాల కోల్డ్ చెయిన్, మలేరియా స్ప్రే షెడ్యూలు, ఆశాల చెల్లింపులు, ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్లు, కోర్టు కేసులు, కలెక్టర్ రివ్యూ మీటింగ్ అన్నీ ఒకేసారి మీద వేసుకోవాలి. తప్పు ఆ మనిషిది కాదు. ఆ పనికి ఆయనకు ఎవరూ చదువు చెప్పలేదు. వందేళ్ల క్రితం రోజ్ అమెరికా కౌంటీల్లో చూసిన లోటు ఇదే.

ఈ లోటు విశాఖలో ఎక్కడ బయటపడుతుందో చెప్పడానికి పెద్ద ఊహ అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకాక కరెంటు లేదు, కరెంటు లేకపోతే నీటి పంపులు లేవు. అప్పుడు ప్రజారోగ్యం అంటే ఆస్పత్రి కాదు, ట్యాంకర్ నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊళ్ల మీదకు వచ్చి పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) డాక్టర్లు, నర్సులు కోవిడ్ భయం నడుమ ఆ రోజు చేసిన సేవ ఈ నగరం మరిచిపోకూడదు. అయితే చికిత్స తర్వాత వచ్చే ప్రశ్నలు వేరే రకం. జనం ఇళ్లకు ఎప్పుడు తిరిగి వెళ్లొచ్చు? బావి నీళ్లు, పశువుల పాలు వాడొచ్చా? ఆవిరి పీల్చినవాళ్ల రిజిస్టర్ ఎవరు పెట్టాలి, ఎన్నేళ్లు చూడాలి? వీటికి జవాబు చెప్పాలంటే కాలుష్య నియంత్రణ మండలి, ఫ్యాక్టరీల శాఖ, రెవెన్యూ, కార్పొరేషన్ అందరి లెక్కలూ ఒక చోటికి రావాలి. అలా రప్పించగలగడమే ఈ చదువులో నాయకత్వం. ఏజెన్సీలో వానాకాలపు మలేరియా, పక్కన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు కూడా అలాంటివే, ఏ ఒక్క శాఖకూ లొంగనివి.

పాఠాలు చెప్పే బళ్లు మాత్రం మన దేశంలో మెల్లగా పెరిగాయి. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ 1997లో ఎంపీహెచ్ మొదలుపెట్టింది. 2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, తర్వాత దాని కింద హైదరాబాద్ సంస్థ వచ్చాయి. ఎంపీహెచ్‌లు వందల్లో బయటికొచ్చారు. వాళ్లకు దొరికినవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలు, ఏడాదికోసారి రెన్యువల్ టెన్షన్‌తో నడిచే కాంట్రాక్టులు. ఎపిడెమియాలజిస్ట్ అని బోర్డు ఉన్నా సంతకం చేసే అధికారం ఉండదు. కోవిడ్ సమయంలో జిల్లాల లెక్కలు మోసింది ఇలాంటివాళ్లే.

2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలోనూ ప్రజారోగ్య నిర్వహణ క్యాడర్, అంటే ఆ పనికే ప్రత్యేక అధికారుల వరస, ఉండాలంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. స్పెషలిస్టులు, ప్రజారోగ్యం, ఆరోగ్య నిర్వహణ, బోధన అని నాలుగు వరసలు అందులో ఉన్నాయి. ఆరోగ్యం రాష్ట్రాల విషయం కాబట్టి పోస్టులు సృష్టించాల్సింది, సర్వీసు రూల్సు మార్చాల్సింది రాష్ట్రాలే.

ఈ నేపథ్యంలో విశాఖ నుంచి డీఆర్‌పీహెచ్‌కు అప్లై చేయాలనుకునేవాళ్లకు నా అభిప్రాయం చెప్తాను. ఇప్పటికే పోస్టులో ఉన్న రెగ్యులర్ డాక్టరుకు ఇది చాలా పనికొస్తుంది, ప్రమోషన్ కోసం కాదు, రేపు కూర్చోబోయే కుర్చీ కోసం. స్టడీ లీవ్ రూల్సు ముందే చూసుకోవాలి. ఉద్యోగం చేస్తూ అమెరికా ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటే, అక్కడ తూర్పు తీరంలో రాత్రి ఎనిమిది గంటల క్లాసు మనకు వేసవిలో తెల్లవారి ఐదున్నరకు, చలికాలంలో ఆరున్నరకు పడుతుంది. పీహెచ్‌సీకి బయల్దేరే ముందు రెండు గంటలు చదువుకివ్వగలరా అనేది నిజాయితీగా తేల్చుకోవాలి. చాలా కోర్సులు ముందే ఎంపీహెచ్ లాంటి అర్హతను, కొన్నేళ్ల అనుభవాన్ని అడుగుతాయి.

నర్సింగ్, డెంటల్, ఎంఎస్సీ నేపథ్యం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ప్రభుత్వ జిల్లా పోస్టుల తలుపు ఇప్పటికి ఇరుకైనదే, 2022 మార్గదర్శకాల్లోని ఆరోగ్య నిర్వహణ వరస రాష్ట్రంలో నిజంగా తెరుచుకుంటే తప్ప. అంతవరకు అంతర్జాతీయ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, బోధన, పెద్ద ఆస్పత్రుల నిర్వహణ వాళ్ల దారులు. అందులోనూ బోధన వైపు వెళ్లేవాళ్లు చేరబోయే సంస్థ ఈ పట్టాను పీహెచ్‌డీతో సమానంగా లెక్కిస్తుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.