కణాలు తమ చోటును ఎలా వెతుక్కుంటాయి?

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

ఒకే కణం నుంచి పెరిగే బిడ్డలో చర్మం పైకి, వెన్నుపాము లోపలికి ఎలా చేరుతాయని మీరు అడిగారు. ఫోనులో తేలే ప్రశ్న కాదు కనుక తీరిగ్గా వ్రాస్తున్నాను.

అమెరికాలో టౌన్స్, హోల్ట్‌ఫ్రేటర్ అనే శాస్త్రవేత్తలు ఉభయచరాల పిండాలను క్షార ద్రావణంలో ఉంచి కణాలుగా విడదీశారు. చర్మం కాబోయే కణాలనూ, నాడీమండలం కాబోయే కణాలనూ కలగలిపి మామూలు ద్రావణంలోకి మార్చగా, అవి మొదట ఒకే ముద్దగా అతుక్కుని, క్రమంగా విడిపోయి, నాడీకణాలు లోపలికి, చర్మకణాలు పైకి చేరాయి. 1955లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో కణాలను సర్దిన చెయ్యి ఏదీ లేదు. తరువాత స్టైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త దీనికి కారణం చెప్పాడు: గిలకొట్టిన నూనె, నీరు వేరుపడినట్లే, తమలో తాము గట్టిగా అంటుకునే కణాలు మధ్యకు చేరతాయి, అంత గట్టిగా అంటుకోనివి వాటి చుట్టూ పరుచుకుంటాయి.

మరి కణాలు దేనితో అంటుకుంటాయి? ఇక్కడి కథ నాకు చాలా ఇష్టం. జపాన్‌లోని క్యోటోకు చెందిన టకేచి అనే శాస్త్రవేత్త అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేస్తున్నప్పుడు, అక్కడి పద్ధతిలో విడదీసిన కణాలు క్యోటోలో మాదిరిగా మళ్ళీ అతుక్కోలేదు. వెతికి చూస్తే, కణాలను విడదీయడానికి వాడే, ప్రోటీన్లను తెంచే ట్రిప్సిన్ అనే ఎంజైము ద్రావణంలో, కాల్షియంను పట్టేసే ఇడిటిఎ అనే రసాయనం అక్కడ కలిసి ఉంది. కాల్షియం ఉన్నంతసేపు ట్రిప్సిన్ దెబ్బకు తట్టుకుని నిలిచే ప్రోటీను ఒకటి ఉందని ఆయన 1977లో ప్రకటించాడు. దానికే తరువాత కాడ్‌హెరిన్ అని పేరు పెట్టారు. దాని బయటి కొస పక్క కణం మీది అదే రకం కాడ్‌హెరిన్‌ను పట్టుకుంటుంది. లోపలి కొస కటెనిన్లు అనే ప్రోటీన్ల ద్వారా కణంలోని ఆక్టిన్ అనే ప్రోటీను పోగులకు ముడిపడి ఉంటుంది. అందువల్ల ఒక కణం లాగితే ఆ లాగుడు పక్క కణానికీ అందుతుంది. పొరలు వంగడానికీ, ముడుచుకోవడానికీ ఇదే ఆధారం.

ఎలుక పిండంలో ఎనిమిది కణాలు ఏర్పడేదాకా ఒక్కొక్కటీ గుండ్రంగా, విడిగా కనిపిస్తుంది. అప్పుడు కాడ్‌హెరిన్లలో ఒక రకమైన ఇ-కాడ్‌హెరిన్ పనివల్ల అవి ఒకదానికొకటి ఒత్తుకుని చదునై, హద్దులే ఆనవాలు పట్టలేనంతగా దగ్గరవుతాయి. కాల్షియం తీసేస్తే మళ్ళీ గుండ్రబడతాయి. ఆ తరువాతి విభజనలలో బయట నిలిచిన కణాలు మావి వైపుకు, లోపల చిక్కినవి ముఖ్యంగా శరీరం వైపుకు మళ్ళుతాయి. ఇ-కాడ్‌హెరిన్ జన్యువు పూర్తిగా లోపించిన ఎలుక పిండాలు కూడా, తల్లి అండంలో ఉంచిన ప్రోటీనుతో తొలి దశ దాటగలవు. కానీ ఆ నిల్వ తరిగాక సరైన బయటి పొర కట్టలేక చనిపోతాయి.

అంటుకోవడం ఎంత అవసరమో వదలడమూ అంతే అవసరం. వెన్నుపాము కాబోయే పొర ఇ-కాడ్‌హెరిన్‌ను మాని ఎన్-కాడ్‌హెరిన్ అనే మరో రకాన్ని ధరించి, చర్మపు పొర నుంచి వేరుపడి నాళంగా మూసుకుంటుంది. ఆ నాళపు అంచునుండే నాడీశిఖర కణాలు తమ కాడ్‌హెరిన్లను తగ్గించుకుని, మార్చుకుని, పట్టు సడలించి, పిండమంతటా దూరప్రయాణం చేస్తాయి. మీ చర్మానికి రంగునిచ్చే కణాలు, ముఖంలోని చాలా ఎముకలు, పేగుల్లోని నాడీకణాలు వాటి సంతతే.

ఇట్లు,
మీ తాతయ్య